గుఱ్ఱంకొండ దుర్గము

మదనపల్లెకు ఉత్తరమున సుమారు 30 కిలోమీటర్ల దూరమున, ఇంచుమించు 500 అడుగుల ఎత్తుగల శిలాగిరిపై నెలకొన్న ప్రాచీన దుర్గము. మూడు ప్రక్కల నిట్టనిలువుగా తెగిన కొండయే దీనికి సహజప్రాకారము. నాలుగవ ప్రక్కను మాత్రమే మానవుడు గోడలతో, ద్వారములతో బంధించెను. కడప నవాబులకును, పిదప హైదరలీ, టిప్పు సుల్తానులకును వశమై, 1791లో ఆంగ్లేయ, నిజాము సేనల ముట్టడికి లోనై, 1799లో నిజామునకును, 1800లో దత్తమండలములతోపాటు కుంఫిణీవారికిని ఇది సంక్రమించినది. టిప్పు మేనమామయగు మీర్ రజా అలీఖాను సమాధిమందిరము ఇచ్చటనే కలదు. కుప్పము, పుంగనూరు మార్గమున వచ్చు యాత్రికులు శిఖరారోహణమునకు త్వరపడి, కొండపాదమునగల రంగినీమహలును ఉపేక్షించుట శోచనీయము. రాజవైభవమునకు నిజమైన సాక్ష్యము కొండపై బురుజులకన్న ఈ మహలు కమానులయందే అధికముగా గోచరించును. ఆరోహణము శ్రమసాధ్యము గనుక ప్రాతఃకాలమున బయలుదేరుట ఉచితము.