పొత్తు సేద్యంలో ఎవరి పేరు? రైతు సాయం, పన్ను లెక్కల్లో దళిత కుటుంబాలు తెలుసుకోవాల్సినవి

మూడెకరాల భూమి. ముగ్గురు అన్నదమ్ములు, వాళ్ల భార్యలు, ముసలి తల్లి. నాటు వేసేది, కలుపు తీసేది, కోత కోసేది అందరూ కలిసే. పట్టాదారు పాసుపుస్తకం మాత్రం పెద్దన్న పేరు మీద ఉంది. బోధన్, ఎడపల్లి, రెంజల్, కోటగిరి, వర్ని మండలాల దళితవాడల్లో తిరిగిన వాళ్లకు ఇలాంటి ఇల్లు కొత్త కాదు.

ఆ ఇంట్లో చిన్న తమ్ముడు పొలంలో పాము కరిచి చనిపోయాడనుకుందాం. రైతుబీమా 5 లక్షల రూపాయలు అతని భార్యకు రావు. ఆయన రైతు కాదా అంటే, పొలం దగ్గర రైతే, రికార్డులో కాదు. ఒక్క గుంట భూమి అతని పేరు మీద ఉన్నా లెక్క వేరేగా ఉండేది.

కుటుంబమంతా పొత్తులో చేసే సేద్యానికి ప్రభుత్వ సాయం ఎలా వస్తుంది, ఎవరికి ఆగిపోతుంది, పన్ను ఎక్కడ తగులుతుంది అన్నది ఈ వ్యాసంలో ఒక్కచోట చేరుస్తున్నాం. సంఘాల్లో పనిచేసే వాళ్లకు, చదువుకుంటూ ఇంటి కాగితాలు తామే చూసుకునే విద్యార్థులకు ఇది పనికొస్తుందని మా ఆశ.

చెరకు నేర్పిన పొత్తు

మంజీర మీద నిజాంసాగర్ 1931లో పూర్తయింది. ఆ కాల్వ నీళ్ల మీద ఆధారపడి 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పుట్టింది. శక్కర్‌నగర్ వెలిసింది. చెరకు దాదాపు ఏడాది పంట. ముచ్చె నాటడం నుంచి నరకడం, బండికెత్తడం దాకా ఒక్క జంట చేతుల మీద అయ్యే పని కాదు. ఇంటిల్లిపాదీ దిగాల్సిందే. అలా పొత్తు అలవాటైంది. కానీ ఫ్యాక్టరీతో ఒప్పందం ఒక్కరి పేరు మీద, కటింగ్ ఆర్డర్ ఒక్కరి పేరు మీద, బిల్లు ఒక్కరి ఖాతాలో. 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం చెరకు అందిన 14 రోజుల్లో ఫ్యాక్టరీ డబ్బు చెల్లించాలి, ఆలస్యమైతే ఏడాదికి 15 శాతం వడ్డీ కట్టాలి. ఆ వడ్డీ అడిగే హక్కు కూడా రికార్డులో పేరున్న సరఫరాదారుకే.

ఫ్యాక్టరీని 2002లో ప్రైవేటు భాగస్వామికి అప్పగించారు. 2015 డిసెంబరులో మూతపడింది. చాలా పొలాల్లో చెరకు పోయి వరి, సోయా, పసుపు వచ్చాయి. పంట మారినా పొత్తు మారలేదు, ఒక్కరి పేరు మీద కాగితం ఉండే అలవాటూ మారలేదు. వడ్ల కొనుగోలు డబ్బు పడేదీ, పసుపు మార్కెట్‌లో తక్‌పట్టీ రాసేదీ ఇంకా ఒక్క పేరు మీదే.

చట్టం దృష్టిలో పొత్తు మూడు రకాలు

మొదటిది ఉమ్మడి కుటుంబం. ఇది పుట్టుకతో వచ్చే సంబంధం. రెండోది ఉమ్మడి పట్టా, అంటే ఒకే భూమికి ఇద్దరు ముగ్గురు హక్కుదారులుగా రికార్డులో ఉండటం. మూడోది భాగస్వామ్యం, అంటే లాభం పంచుకుంటామని ఒప్పందం చేసుకుని నడిపే వ్యాపారం.

1932 భాగస్వామ్య చట్టం ఈ తేడాను స్పష్టంగా చెప్పింది. సెక్షన్ 5 ప్రకారం భాగస్వామ్యం ఒప్పందంతో పుడుతుంది, చుట్టరికంతో పుట్టదు. ఉమ్మడి ఆస్తి మీద వచ్చిన ఫలసాయం పంచుకున్నంత మాత్రాన భాగస్వాములు కారని సెక్షన్ 6 వివరణ చెబుతోంది. అంటే అన్నదమ్ములు పంట పంచుకుంటున్నారు కాబట్టి అది ఫర్మ్ అయిపోదు. ఎవరైనా అధికారి అలా అంటే ఈ రెండు సెక్షన్లు చూపించవచ్చు.

నాలుగో సంబంధం కూడా ఉంది. కౌలు, పాలు. ఇక్కడ దళిత కుటుంబం పొత్తుదారు కాదు, పంటలో సగమో డబ్బో ఇచ్చి వేరేవాళ్ల భూమి దున్నే కుటుంబం. పత్రం లేని కౌలుదారు సాయం లెక్కలో కనబడడు.

సాయం: చెమటకు కాదు, పేరుకు

2018 మేలో మొదలైన రైతుబంధు ఎకరానికి పంటకు 4,000 రూపాయలతో వచ్చింది, తర్వాత 5,000 అయింది. 2025 జనవరి 26 నుంచి రైతుభరోసా పేరుతో ఎకరానికి ఏడాదికి 12,000 అంటున్నారు. రెండింటికీ ఆధారం పట్టాదారు పేరు. మూడెకరాలకు ఏడాదికి 36,000 వస్తాయి. ఒక్క పేరు మీద ఉన్నా, ముగ్గురి పేర్ల మీద ఉన్నా మొత్తం అంతే. ఎవరి ఖాతాలో పడుతుంది, ఎవరిని అడిగి తీసుకోవాలి అన్నదే తేడా. చిన్న తమ్ముడి భార్యకు విత్తనాల డబ్బు కోసం బావగారిని అడగాల్సి రావడమా, తన ఇంటి ఖాతాలోనే పడటమా అన్నది చిన్న విషయం కాదు.

కేంద్రం ఇచ్చే పీఎం కిసాన్‌లో మొత్తమే మారుతుంది. ఇది ఎకరాన్ని బట్టి కాదు, కుటుంబాన్ని బట్టి. ఏడాదికి 6,000, మూడు విడతల్లో. ఇక్కడ కుటుంబం అంటే భర్త, భార్య, మైనర్ పిల్లలు. ఒకే పొలంలో మూడు కుటుంబాల పేర్లు ఉంటే మూడు కుటుంబాలూ అర్హులే. అంటే 18,000. ఒక్క పెద్దన్న పేరే ఉంటే 6,000 మాత్రమే. అర్హతకు 2019 ఫిబ్రవరి 1 నాటి రికార్డు ఆధారం. ఆ తర్వాత చేతులు మారిన భూమికి ఈ పథకం వర్తించదు. పట్టాదారు చనిపోయి వారసత్వంగా వస్తే మినహాయింపు ఉంది. అందుకే తండ్రి చనిపోయాక విరాసత్ చేయించకుండా ఏళ్లు గడపడం ఖరీదైన అలసత్వం.

2018 ఆగస్టు 15న మొదలైన రైతుబీమా కూడా పట్టాదారుకే. 18 నుంచి 59 ఏళ్ల వయసు ఉండాలి. ఉమ్మడి పట్టాలో ఉన్న ప్రతి ఒక్కరూ విడివిడిగా నమోదు కావాలి, ప్రతి ఒక్కరూ నామినీ పేరు రాయించాలి.

కౌలుదారుల సంగతి వేరు. 2011 భూ అధీకృత సాగుదారుల చట్టం వాళ్లకు ఏడాది కాలపు రుణ అర్హత కార్డు ఇవ్వాలంటుంది. తెలంగాణలో ఆ చట్టం పుస్తకంలో ఉంది, ఊళ్లో కార్డు అరుదు. 2023 ఎన్నికల్లో కౌలు రైతుకూ భరోసా ఇస్తామన్న హామీ వచ్చింది, ఆచరణలో డబ్బు పట్టాదారు దగ్గరే ఆగింది. భూమి లేని కూలీ కుటుంబాలకు ఇందిరమ్మ ఆత్మీయ భరోసా కింద ఏడాదికి 12,000 ప్రకటించారు. దానికి 2023-24లో ఉపాధి హామీ పనికి కనీసం 20 రోజులు వెళ్లి ఉండాలన్న షరతు పెట్టారు.

పన్ను: భయం ఎక్కడ అక్కర్లేదు, జాగ్రత్త ఎక్కడ కావాలి

సేద్యపు ఆదాయం మీద కేంద్రం ఆదాయపు పన్ను వేయదు. రాజ్యాంగం ఆ అధికారాన్ని రాష్ట్రాలకు ఇచ్చింది. 1961 ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ 10(1) మినహాయింపు ఇస్తే, సేద్యపు ఆదాయం అంటే ఏమిటో సెక్షన్ 2(1ఏ) చెబుతుంది. 2026 ఏప్రిల్ 1 నుంచి వర్తించే 2025 చట్టంలో సెక్షన్ల నంబర్లు మారినా మినహాయింపు ఉంది. పసుపు ఉడకబెట్టి, ఎండబెట్టి, మెరుగు పెట్టి అమ్మినా అది సేద్యపు ఆదాయమే, ఎందుకంటే మార్కెట్‌కు తేవాలంటే రైతు మామూలుగా చేసే పని అది. చెరకు అలా కాదు. చెరకుకే మార్కెట్ ఉన్నచోట బెల్లం వండితే, బెల్లం వల్ల అదనంగా వచ్చిన లాభాన్ని వ్యాపారంగా చూసే వీలుంది.

ఇక్కడ ఒక అన్యాయం కళ్ల ముందు కనబడుతుంది. సేద్యపు భూమి మీద వచ్చే కౌలు డబ్బు కూడా చట్టం దృష్టిలో సేద్యపు ఆదాయమే. అంటే నిజామాబాద్ పట్నంలో మేడలో కూర్చున్న పట్టాదారుకు కౌలు మీద పన్ను లేదు, ఎకరానికి భరోసా ఉంది, బీమా ఉంది. ఆ భూమి దున్నిన మాదిగ, మాల కుటుంబానికి పన్ను లేదన్న ఊరట తప్ప ఇంకేమీ లేదు.

ఇంట్లో ఒకరికి జీతం ఉంటే రెండు విషయాలు చూసుకోవాలి. సేద్యపు ఆదాయం 5,000 దాటి, మిగతా ఆదాయం కూడా పన్ను పరిమితి దాటితే, జీతం మీద పన్ను రేటు లెక్కించడానికి రెండింటినీ కలిపి చూస్తారు. సేద్యం మీద పన్ను పడదు, జీతం మీద పన్ను కొంచెం పెరుగుతుంది. ఇక పీఎం కిసాన్‌లో, గత మదింపు సంవత్సరంలో ఆదాయపు పన్ను కట్టినవాళ్ల కుటుంబం అనర్హం. కట్టినా డబ్బు తీసుకున్న వాళ్ల దగ్గర తిరిగి వసూలు చేశారు. అయితే రిటర్న్ వేయడం వేరు, పన్ను కట్టడం వేరు. అప్పు కోసం సున్నా పన్నుతో రిటర్న్ వేసినంత మాత్రాన అర్హత పోదు. టీచరైన తమ్ముడి కుటుంబం అనర్హం అయినంత మాత్రాన అన్న కుటుంబం, వదిన పేరు అనర్హం కావు. పెళ్లైన కొడుకు హైదరాబాద్‌లో పన్ను కడుతున్నాడని తల్లిదండ్రుల సాయం ఆపడం కూడా నిబంధన కాదు.

ఫర్మ్ పెట్టే ముందు

ఈ మధ్య యువకులు అడుగుతున్నారు: అన్నదమ్ములం కలిసి ఫర్మ్‌గా రిజిస్టర్ చేసుకుంటే పెద్ద రుణం, సబ్సిడీ వస్తాయి కదా అని. అప్పుడు నాలుగు సంగతులు ముందే తెలియాలి.

ఒకటి, ఫర్మ్‌కు ఆదాయం లేకపోయినా ఏటా ఆదాయపు పన్ను రిటర్న్ వేయాలి. ఆలస్యమైతే రుసుము ఉంటుంది. సేద్యపు లాభానికి ఫర్మ్ స్థాయిలో పన్ను లేదు. కానీ ట్రాక్టర్ కిరాయికి తిప్పితే వచ్చిన లాభం మీద ఫర్మ్ కట్టాల్సింది ఏకరేటు, 30 శాతం. విడివిడిగా ఉన్నప్పుడు ఉండే పన్ను రహిత పరిమితి ఫర్మ్‌కు లేదు.

రెండు, పీఎం కిసాన్ సంస్థల భూమికి వర్తించదు.

మూడు, జీఎస్టీ చట్టంలో 'వ్యవసాయదారు' అంటే వ్యక్తి లేదా అవిభక్త హిందూ కుటుంబం మాత్రమే. ఆ చట్టం కింద రిజిస్ట్రేషన్ అక్కర్లేదన్న మినహాయింపు వాళ్లకే. ఫర్మ్‌కు ఆ మినహాయింపు రాదు. తాజా చెరకు అమ్మితే పన్ను లేదు కనుక ఇబ్బంది లేదు, ఎండు పసుపు లాంటి పన్ను పడే సరుకు పెద్ద మొత్తంలో అమ్మితే ఉంది. క్రైస్తవంలో ఉన్న దళిత కుటుంబాలకు అవిభక్త హిందూ కుటుంబ హోదా వర్తించదు కాబట్టి, వాళ్లు వ్యక్తుల పేరు మీదే లెక్కలు నడపాలి.

నాలుగు, అన్నిటికన్నా ముఖ్యమైనది. మన భూముల్లో చాలావరకు ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూములు. 1977 అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టంలో బదిలీ అంటే అమ్మకమే కాదు. తనఖా, కౌలు, ఇతర లావాదేవీలు కూడా అందులోకి వస్తాయి. అసైన్డ్ భూమిని ఫర్మ్ ఆస్తిగా చూపిస్తే దాన్ని బదిలీగా లెక్కవేసి భూమి వెనక్కి తీసుకునే ప్రమాదం ఉంది. వారసత్వం మాత్రం ఆ చట్టం ఆపదు. కాబట్టి అసైన్డ్ భూమిలో పొత్తుకు దారి ఫర్మ్ కాదు, విరాసత్.

పేర్లు ఎక్కించే పని

ముందు విరాసత్. 2025 ఏప్రిల్ 14 నుంచి అమలైన భూభారతి కింద వారసత్వ దరఖాస్తు తహసీల్దార్ దగ్గరికి వెళ్తుంది. వారసులకు నోటీసు ఇచ్చి విచారించాలి. నచ్చకపోతే ఆర్డీఓకు, అక్కడా కాకపోతే కలెక్టర్‌కు అప్పీలు ఉంది. దరఖాస్తులో తల్లి పేరు, పెళ్లైన ఆడబిడ్డల పేర్లు వదిలేయకండి. 2005 సవరణతో ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానమైన హక్కు ఉంది. అది పుట్టుకతో వచ్చే హక్కేనని 2020లో వినీత శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. చెల్లెలు వాటా వదులుకుంటే అది ఆమె ఇష్టంతో, కాగితం మీద జరగాలి. చెప్పకుండా జరగకూడదు.

తర్వాత ఇంటి ఒప్పందం. ఒక్క పేజీ చాలు: ఎవరి వాటా ఎంత, పెట్టుబడి ఎవరిది, అప్పు ఎవరి మీద, రైతు సాయం ఎవరి ఖాతాలో పడితే ఎవరికి ఎంత. ఇద్దరు సాక్షుల సంతకాలు పెట్టించండి. ఆ పత్రంలో 'ఉమ్మడి హక్కుదారులం, పంట పంచుకుంటున్నాం' అని రాయండి. 'ఫర్మ్' అన్న మాట అక్కర్లేదు. తక్‌పట్టీలు, ఎరువుల బిల్లులు, బ్యాంకు చీటీలు ఒక సంచిలో వేసి ఉంచండి.

సంఘాలు చేయగల పని ఒకటుంది. వానాకాలం మొదలయ్యే ముందు వాడకట్టులో ఇంటింటికీ వెళ్లి రెండు గళ్లు గీయండి. దున్నేది ఎవరు, పేరున్నది ఎవరు. రెండూ కలవని ఇళ్ల పట్టిక తీసుకుని తహసీల్దార్ దగ్గరికీ వ్యవసాయ విస్తరణాధికారి దగ్గరికీ వెళ్లండి.

1927లో బొంబాయి శాసన మండలిలో అంబేద్కర్ భూమి శిస్తు గురించి మాట్లాడుతూ, ఆదాయపు పన్నుకు ఒక పరిమితి ఉంది గానీ చిన్న రైతుకు ఆ మినహాయింపు లేదని తప్పుపట్టాడు. 1947లో రాసిన 'స్టేట్స్ అండ్ మైనారిటీస్'లో భూమి రాజ్యం చేతిలో ఉండాలనీ, ఊరి కుటుంబాలు గుంపులుగా సామూహిక సేద్యం చేయాలనీ ప్రతిపాదించాడు. ఆ రోజు ఇంకా రాలేదు. అప్పటిదాకా బోధన్ దళితవాడలో పొత్తులో పనిచేసే ప్రతి చెయ్యికీ ఒక పేరు రికార్డులో ఉండాలి. చిన్న తమ్ముడి భార్యకు రావాల్సిన 5 లక్షలు ఆ పేరు మీదే ఆధారపడి ఉన్నాయి.