శంకవరం మట్టి జంతువు: రాతలేని వాళ్ల చరిత్ర



మన గోరంట్లలో చరిత్ర అంటే అందరూ మాధవరాయస్వామి గుడి చూపిస్తారు. ఇంకొంచెం దూరం పోతే పెనుకొండ కోట, లేపాక్షి. లేపాక్షి గుడిలో రాతి యాళి ఉంది. లోకంలో ఎక్కడా లేని జంతువు అది. ఆ గుడి కట్టించింది పెనుకొండలో అధికారం చేసిన విరూపణ్ణ, ఆయన సోదరుడు అని చదువుకున్నాం. శాసనాలు చెక్కించుకునే స్తోమత ఉన్నవాళ్ల పేర్లు నిలిచాయి.

లోకంలో లేని జంతువు ఇంకొకటి మన రాయలసీమలోనే దొరికింది. ఊరు కడప జిల్లా శంకవరం. (అన్నవరం దగ్గరి శంఖవరం వేరే.) అది కాల్చిన మట్టితో చేసిన శవపేటిక. యాళి కన్నా వెయ్యేళ్లకు పైగా పాతది. ఒళ్లు పొడవాటి తొట్టి, ముందు జంతువు తల, కింద వరుసగా కాళ్లు, నాలుగు కన్నా ఎక్కువే. చూసిన పండితుల్లో కొందరు పొట్టేలు అన్నారు, కొందరు ఏనుగు అన్నారు. అన్ని కాళ్ల పొట్టేలూ లేదు, ఏనుగూ లేదు. చేసినవాళ్ల మనసులోనే ఆ జంతువు పుట్టింది.

ఇంత పెద్ద తొట్టిని సారె మీద తిప్పి చేయలేరు. మట్టి పిసికి, చేత్తోనే గోడలు లేపి, కాళ్లు ఒక్కొక్కటిగా అతికించాలి. కాళ్లు వరుసగా ఉంటేనే నడుమ బరువు కుంగదు. లోపల తడి మిగిలితే కాల్చేటప్పుడు పగులుతుంది. కాబట్టి ఎన్నాళ్లు ఆరబెట్టాలో, ఎంత మంట పెట్టాలో వాళ్లకు బాగా తెలుసు. ఇనుము వాడుతూ, చనిపోయినవాళ్లకు బండలతో సమాధులు కట్టిన కాలం అది. ఆ పనిమంతులకు లిపి లేదు. అయినా తమవాళ్లను సాగనంపడానికి ఇంత శ్రమ పడ్డారు.

కడప అప్పట్లో మద్రాసు కింద ఉండేది. అందుకే ఆ పేటిక చెన్నై ఎగ్మోర్ మ్యూజియంకు చేరింది.

వాళ్లు మన తాతలేనని మనం అనడం లేదు. మనలో సుగాలీలు ఉత్తరాది నుంచి ఎద్దుల మీద సరుకు మోసుకుంటూ వచ్చారు. కానీ "మీకు రాత లేదు, చరిత్ర ఎక్కడిది?" అని అడిగేవాళ్లకు ఈ మట్టి జంతువు చాలు. రాత లేకపోయినా చేసిన పని సాక్ష్యం చెబుతుంది.

ఆ కాలపు బండ సమాధులు మన పక్కనే, కళ్యాణదుర్గం దగ్గర ముదిగల్లులో ఉన్నాయి. జనం వాటిని పాండవుల గుళ్లు, రాక్షస గుళ్లు అంటారు. నిధి ఉందని కొందరు తవ్వేస్తారు. వాళ్లకు దొరికేది ఎముకలు, కుండపెంకులు. మనకు పోయేది చరిత్ర. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం భూమిలో పది రూపాయల కన్నా విలువైనది ఏది దొరికినా కలెక్టర్‌కు చెప్పాల్సిందే.

మీ తండా దగ్గర, గుట్ట మీద అలాంటి బండలు ఉంటే కదిలించొద్దు. ఫొటో తీయండి, పెద్దలు వాటిని ఏమని పిలుస్తారో రాసుకోండి. ఈసారి రాసేవాళ్లం మనమే.