కాగు, బాయిలరు, హీటరు, గీజరు

కొన్నేళ్ళ కింద డిసెంబరులో ఒక పొద్దున మా అవ్వ కదిరి నుంచి ఫోన్ చేసింది. నేను బెంగళూరులో ఆఫీసు బస్సులో ఉన్నాను. అమ్మానాన్నలు పెళ్ళికని ధర్మవరం పోయారు, ఇంట్లో అవ్వ ఒక్కతే. గుడికి పోతా దావలో ఉన్నానని చెప్పి, ఆ మాటా ఈ మాటా అయినాక, "హీటరు ఆపేది మర్సిపోయినా నాయనా, ఎనక్కి పోవల్లేమో" అంది.

"ఏం గాదులే అవ్వా, కాగినాక దానంతకదే ఆగిపోతాది" అన్నాను.

ఇంజనీరింగు చదివిన మనవడి మాట. అవ్వ నమ్మింది. నరసింహస్వామి గుడికి పోయి, అక్కడి నుంచి చుట్టాలింటికి పోయి, మధ్యాహ్నం ఇంటికి వచ్చింది. బచ్చలి నిండా పొగ. గుడ్డలు నానబెట్టడానికని సగం బకెట్ నీళ్ళలో వేసి పోయిన రాడ్డు, నీళ్ళన్నీ ఆవిరయ్యాక ప్లాస్టిక్ బకెట్‌ను కరిగించి, గచ్చు బండ మీద పడి ఉంది. ఫ్యూజు పోయింది కాబట్టి అంతటితో ఆగింది. సాయంత్రం మళ్ళీ ఫోన్ చేసి, "ఆగిపోతాదంటివి గదా" అంది. కోపంగా కూడా అనలేదు.

అవ్వ హీటరంటే నా కళ్ళ ముందుకొచ్చింది గోడకు బిగించిన తెల్ల పెట్టె. ఆమె చెప్పింది బకెట్లో వేసే కడ్డీ. గోడ మీది పెట్టె రెండు రోజుల ముందే చెడిపోయిందని నాకు తెలీదు. మా వృత్తిలో ఒకే పేరు రెండు వస్తువులకు పెడితే ప్రోగ్రాము ఎక్కడో ఒక చోట తప్పుతుంది, రాత్రి కూర్చుని సరిచేసుకుంటాం. ఇంట్లో అలా చేయడానికి కుదరదు. ఆ రోజు నుంచి స్నానానికి నీళ్ళు కాచుకునే సామానుకు మనవాళ్ళు ఏమేం పేర్లు పెట్టుకుంటూ వచ్చారో గమనించడం మొదలుపెట్టాను.

అన్నిటికన్నా పాతది కాగు. ఇది క్రియ, నామవాచకం కూడా. నీళ్ళు కాగుతాయి, కాగేది కాగులో. తమిళంలో, కన్నడంలో కూడా వేడికి సంబంధించిన మాటల్లో ఈ ధాతువు బంధువులున్నాయి. వేడి ఎంత అన్నదానికి మనకు వేరువేరు మాటలున్నాయి: గోరువెచ్చన, కాగడం, మరగడం, తెర్లడం. స్నానానికి కావలసింది రెండోది. మరిగితే ఎక్కువైనట్టే. కోస్తా స్నేహితులు వేణ్ణీళ్ళు అంటారు. మా వైపు ఉడుకునీళ్ళు. "ఉడకడానికి నీళ్ళేమైనా కూరగాయలా?" అని హాస్టల్లో నన్ను ఏడిపించేవాళ్ళు. అన్నానికి పెట్టే నీళ్ళు ఎసురు. స్నానానికి పెట్టేవి ఉత్త నీళ్ళే. "నీళ్ళు పెట్టినావా?", "కాగినాయా?", "నీళ్ళు తోడినా, పోసుకోపో." ఈ మూడు మాటల్లోనే ఒక ఇంటి పొద్దున గడిచిపోయేది. స్నానం అనే మాటతో పని పడేది కాదు.

మా పాత ఇంట్లో ఉన్నది రాగి అండా. హండా, అండా ఒకటే మాట. మరాఠీ, హిందీల్లో హండా, కన్నడంలో హండె. హిందూపురం వైపు వెళ్తే తెలుగు మాట్లాడేవాళ్ళ నోట కూడా చివరి అచ్చు కన్నడం వైపు వాలుతుంది. నీళ్ళు పోసుకునే చోటును మేము బచ్చలి అనేదీ ఆ ఇరుగుపొరుగు వల్లే. కన్నడంలో అది బచ్చలు. బచ్చలాకు పప్పు తినేవాళ్ళకు ఇది నవ్వొచ్చే మాట, మాకేమో ఇంట్లో ఒక గది.

బచ్చలి మూలలో పొయ్యి కట్టి, దాని మీద అండాను మట్టితో మెత్తి కదలకుండా పెట్టేవాళ్ళు. పొయ్యి నోరు గోడకు అవతల, పెరటి వైపు. పొగ బయట, నీళ్ళు లోపల. కదిరి శెనక్కాయల ఊరు. ఇక్కడి వ్యవసాయ పరిశోధనా కేంద్రం విడుదల చేసిన వేరుశెనగ రకాలకు ఊరి పేరే పెట్టారు, కదిరి-6, కదిరి లేపాక్షి అని. మిల్లుల్లో కాయలు ఒలిచాక మిగిలే పొట్టు ఆ పొయ్యిలోకి వచ్చేది. దానికి తోడు కందికట్టె, కంపకట్టెలు, టెంకాయ మట్టలు. పొట్టు గబుక్కున అంటుకుని గబుక్కున ఆరిపోతుంది. పక్కన కూర్చుని ఎగదోస్తూ ఉండాలి. ఆ కూర్చునేది అవ్వ. నాలుగున్నరకు లేచి పొయ్యి అంటించేది. ముందు తాత, తర్వాత నాన్న, చిన్నాన్న, బడికి పోయే పిల్లకాయలు, కోడళ్ళు. తన వంతు వచ్చేసరికి పొయ్యిలో బూడిద, అండాలో అడుగు నీళ్ళు. ఇంట్లో ఎవరైనా కాన్పై వస్తే మాత్రం లెక్క మారేది. బాలింతకు వావిలాకు వేసి కాచిన నీళ్ళు ముందు, మిగతావాళ్ళంతా తర్వాత.

కాగు, అండా రెండూ పాత్రల పేర్లు. హైదరాబాదులో పాత ఇళ్ళలో రాగి నీళ్ళకాగును హమాం అనడం విన్నాను. అరబ్బీలో ఆ మాటకు అర్థం స్నానశాల. ఇల్లు పేరు పాత్రకు వచ్చింది. ఏ పేరు తీసుకున్నా నిప్పు ఎక్కడుందో దాంట్లో లేదు. చెప్పాల్సిన పని కూడా లేదు, నిప్పు కళ్ళ ముందే మండుతోంది. ఎవరూ ఎగదోయకపోతే ఆరిపోతుంది. అండాకు ఉన్న రక్షణ ఏర్పాటు అంతా అదే.

తర్వాత వచ్చింది బాయిలరు. రాగి రేకుతో చేసిన నిలువు డబ్బా, దాని నడుమ నిట్టనిలువుగా ఒక గొట్టం. గొట్టంలో బొగ్గులో టెంకాయ చిప్పలో వేసి అంటిస్తే చుట్టూ ఉన్న నీళ్ళు కాగుతాయి. బూడిద కింది జల్లెడలోంచి రాలిపోతుంది. రైలింజనులో ఉన్నదీ ఇలాంటి ఏర్పాటే, నీళ్ళ మధ్యలోంచి వేడి గొట్టాలు. ధర్మవరం నుంచి పాకాల పోయే మీటరు గేజీ లైను కదిరి మీదుగా పంతొమ్మిదో శతాబ్దం చివర్లో వచ్చింది. ఇంజను బాయిలరును చూసిన ఊళ్ళో బచ్చలి బాయిలరుకు ఆ పేరు కుదరడం వింత కాదని నాకనిపిస్తుంది.

బాయిలరులో నాకు నచ్చే సంగతి ఇంకొకటుంది. పై గరాటులో చన్నీళ్ళు పోస్తేగాని ముక్కులోంచి వేణ్ణీళ్ళు రావు. గరాటు గొట్టం అడుగు దాకా పోతుంది. కింద చేరిన చల్లటి నీళ్ళు పైనున్న వేడి నీళ్ళను నెడతాయి. వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు తోడు అనే సామెత డబ్బుల విషయంలో వాడతాం. బాయిలరు దగ్గర అది ఉన్నదున్నట్టు నిజం. ఇప్పటి గీజరు పనిచేసేదీ సరిగ్గా ఇదే పద్ధతిలో. చన్నీళ్ళు అడుగున చేరి, వేణ్ణీళ్ళను పైనుంచి బయటికి తోస్తాయి. అందుకే మిద్దె మీద ట్యాంకు ఖాళీ అయితే గీజరు నిండా వేడి నీళ్ళున్నా కొళాయిలో చుక్క రాదు. మా అమ్మ ఇప్పటికీ గీజరును బాయిలరు అంటుంది. చాలాకాలం అది పాత అలవాటు అనుకున్నాను. లోపల జరిగే పనిని బట్టి చూస్తే మా అందరికన్నా ఆమె మాటే సరైనది.

మరి గీజరు ఎక్కడిది? ఐస్‌లాండులో హౌకాదలూర్ అనే లోయలో నేలలోంచి వేడినీళ్ళు ఎగజిమ్మే ఊట ఒకటుంది. దాని పేరు గేసిర్, వాళ్ళ భాషలో ఎగజిమ్మడానికి ఉన్న క్రియ నుంచి వచ్చింది. ఒకే ఒక్క ఊట పేరు ఇంగ్లీషులో అలాంటి ఊటలన్నిటికీ పేరైంది. 1868లో లండన్‌లో బెంజమిన్ వాడీ మాన్ అనే పెయింటరు, గ్యాసు మంటతో అప్పటికప్పుడు నీళ్ళు కాచే యంత్రం ఒకటి చేసి దానికి గీజర్ అని పేరు పెట్టాడు. పొయ్యి మీద కుండలు కాచి మోసుకుపోయే ఊళ్ళో, కొళాయి తిప్పితే వేడినీళ్ళు రావడం ఊటలాగే అనిపించి ఉంటుంది. ఆ యంత్రానికి పొగ బయటికి పోయే గొట్టం లేదు. స్నానాల గదిలోనే మంట, గదిలోనే వాయువు. 1889లో అమెరికాలో ఎడ్విన్ రూడ్ అనే నార్వే ఇంజనీరు, నీళ్ళను నిల్వ ఉంచి, వేడి తగ్గినప్పుడు తనంతట తనే మంటను పెంచుకునే యంత్రం చేశాడు. "దానంతకదే ఆగిపోతాది" అన్న నా మాటకు మూలపురుషుడు ఈయనే. పేరు మాత్రం మనకు లండన్ పెయింటరు నుంచే వచ్చింది.

ఇంగ్లండులో ఇప్పుడు గీజర్ పాతబడిన మాట, అక్కడ ఇంటిని వెచ్చబెట్టే యంత్రంతో కలిపి బాయిలర్ అంటారు. దక్షిణాఫ్రికాలో మనలాగే గీజర్ అంటారు. అమెరికాలో గీజర్ అంటే ఎల్లోస్టోన్ పార్కులో ఎగిసే నీళ్ళు. డల్లాస్‌లో ఉండే మా అక్క మొదటి చలికాలంలో ప్లంబరుకు ఫోన్ చేసి "గీజర్ పనిచేయడం లేదు" అంటే అతనికి కాసేపు ఏమీ పాలుపోలేదట. వాళ్ళ గరాజులో మూల నిలబడి ఉండే నూట యాభై లీటర్ల పీపా పేరు వాటర్ హీటర్. మన భారతీయ ప్రమాణాల సంస్థ కూడా తన ప్రమాణాల్లో వాటర్ హీటర్ అనే రాస్తుంది. గోడ మీది పెట్టెకు ఐఎస్ 2082, బకెట్లో వేసే రాడ్డుకు ఐఎస్ 368. రెండిటి పేర్లలోనూ వాటర్ హీటర్ ఉంది. తేడా ముందున్న విశేషణాల్లో ఉంది. బజారులో విశేషణాలు రాలిపోయి ఉత్త హీటరు మిగిలింది.

మా ఇంట్లో జరిగిన పొరపాటు ఆ రాలిపోయిన చోటే ఉంది. రాడ్డు చాలా సులువైన వస్తువు. 1906లో ఆల్బర్ట్ మార్ష్ పేటెంటు పొందిన నికెల్, క్రోమియం మిశ్రమ లోహపు తీగ, చుట్టూ లోహపు గొట్టం, అంతే. ఇరవై లీటర్ల బకెట్‌ను 22 డిగ్రీల నుంచి 45కు తేవడానికి 1500 వాట్ల రాడ్డుకు ఇరవై నిమిషాలకు కాస్త ఎక్కువ పడుతుంది, అర యూనిట్ కరెంటు. ఆ తర్వాత కూడా అది కాస్తూనే ఉంటుంది. మామూలుగా దొరికే రాడ్డుకు ఎంత కాగిందో తెలుసుకునే ఏర్పాటు లేదు. గీజరులో థర్మోస్టాట్ ఉంటుంది, అది పనిచేయకపోతే ఆపడానికి ఇంకో కట్ అవుట్ ఉంటుంది. అండా అయితే మనిషి ఎగదోయకపోతే ఆగుతుంది. గీజరు తనంతట తనే ఆగుతుంది. ఈ రెండిటి మధ్య వచ్చిన రాడ్డు ఒక్కటే మనిషి ఆపితే తప్ప ఆగదు. పేదిళ్ళలో, అద్దె గదుల్లో, హాస్టళ్ళలో ఎక్కువగా ఉండేది అదే.

గీజరు అనే మాటలోనూ ఇలాంటి మెలిక ఒకటుంది. కరెంటుదీ గీజరే, గ్యాసుదీ గీజరే. గ్యాసుదాన్ని గాలాడని స్నానాల గదిలో పెడితే రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ చేరి ప్రాణం తీస్తుంది. లండన్ పెయింటరు యంత్రంలో ఉన్న ప్రమాదమే ఇది. మా అండా పొయ్యి నోరు గోడకు అవతల ఎందుకుండేదో తెలిసినవాళ్ళకు ఈ సంగతి విడిగా చెప్పనక్కర్లేదు.

అయితే తెలుగులో ఏమనాలి? జలతాపకం అని ఒక మిత్రుడు అన్నాడు. వినడానికి బాగుంది, మెకానిక్కుకు చెబితే రాడు. పైగా రాడ్డూ జలతాపకమే, గీజరూ జలతాపకమే. సంస్కృతంలోకి మార్చినా గందరగోళం అలాగే ఉంటుంది. నాకైతే కాగునే తిరిగి తెచ్చుకోవాలని ఉండేది. కరెంటు కాగు, గ్యాసు కాగు, ఎండ కాగు. బెంగళూరు మిద్దెల మీద వరసగా కనబడే ఎండ కాగులు ఇప్పుడు కదిరిలోనూ కనిపిస్తున్నాయి. మావాళ్ళు వాటిని సోలారు అంటారు, ఆ నీళ్ళను సోలారు నీళ్ళు అంటారు. నా కాగును ఇంట్లో కూడా ఎవరూ పట్టించుకోలేదు. మెకానిక్కు వచ్చి గీజరు విప్పితే లోపలి కాయిల్ మీద వేలి మందాన సున్నం. మా బోరు నీళ్ళను కాచినప్పుడల్లా కరిగి ఉన్న సున్నం విడిపోయి వేడి తగిలే చోటల్లా పేరుకుంటుంది. అండాకు అయితే అవ్వ చింతపండు పెట్టి తోమేది. గీజరు లోపలికి ఆమె చెయ్యి పోదు.

పెళ్ళి నుంచి తిరిగొచ్చిన నాన్న కొత్త కాయిల్ వేయించాడు. రాడ్డును పారేయమన్నాను. అవ్వ ఒప్పుకోలేదు, గీజరు మళ్ళీ చెడిపోతే ఎట్లా అని దాన్ని బీరువా మీద పెట్టించింది. తర్వాతి సంక్రాంతికి నేను ఊరికి పోయినప్పుడు పొద్దున్నే బచ్చలి దగ్గర నిలబడి అడిగాను, "హీటరు వేసినావా అవ్వా?"

"యా హీటరు?" అంది. "ఆగేదా, ఆగందా?"

మా ఇంట్లో ఇప్పుడు వాటి పేర్లు అవే.