చెక్కలో మిగిలిన బలం

మా కృష్ణా జిల్లా ఇళ్లలో బాలింతకు పాలు పడాలంటే తెలగపిండి కూర పెట్టాల్సిందే. గానుగలో నువ్వుల నూనె తీశాక మిగిలిన చెక్కను దంచి, మునగాకు కలిపి ఉడికించి, వెల్లుల్లి తాలింపు వేసేవారు. వేరుశనగ చెక్క మాత్రం పశువుల కుడితిలోకే పోయేది. అందులో దాదాపు సగం మాంసకృత్తులే! నూనె మిల్లులో నాణ్యత చూసే ఉద్యోగంలో ఉన్నంతకాలం నాకు అదే బాధ.

ఆ చెక్కను మనిషి కంచంలోకి తేవాలని గట్టిగా పట్టుబట్టింది 1950లో మొదలైన మైసూరు ఆహార సాంకేతిక పరిశోధనా సంస్థ, సీఎఫ్‌టీఆర్‌ఐ. తొలి డైరెక్టరు వి. సుబ్రహ్మణ్యన్ హయాంలో మూడు పాళ్లు నూనె తీసిన వేరుశనగ పిండి, ఒక పాలు శనగపిండి, వాటికి విటమిన్లు, కాల్షియం చేర్చి 'మల్టీపర్పస్ ఫుడ్' తయారుచేశారు. తర్వాత మరో అడుగు వేశారు. పిండిని క్షారం కలిపిన నీళ్లలో నానబెడితే మాంసకృత్తులు నీళ్లలోకి దిగుతాయి. పిప్పి వడకట్టి ఆమ్లం వేస్తే, నిమ్మరసం పిండిన పాలలా విరిగి తెల్లగా అడుగుకు చేరతాయి. వాటిని గేదెపాలలో కలిపి చేసిందే మిల్టోన్. బెంగళూరు డెయిరీలో సీసాల్లో నింపి పిల్లలకిచ్చారు. ఆ రోజుల్లో అంత మంచి ఆలోచన ఇంకోటి లేదని నా నమ్మకం.

ఈలోగా, 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోయాయి. కారణం వెతికితే బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ చెక్క తేలింది. దానికి పట్టిన బూజు విషమే అఫ్లటాక్సిన్. మామూలు వంటతో అది పోదు. పైగా గింజను పిండినప్పుడు విషంలో ఎక్కువ భాగం చెక్కలోనే ఉండిపోతుంది. ఆ తర్వాత చెక్క పేరెత్తితే ముందు పరీక్ష కాగితం అడిగేవారు. అడగడం న్యాయమే.

బూజుకు దారి ఎక్కడ పడుతుందో నేను కళ్లారా చూశాను. గింజ పగిలితే ధర తగ్గుతుందని, కాయలు వలిచే మిషన్లో పోసేముందు వాటి మీద నీళ్లు చల్లేవారు. ఆ తడి సరిగా ఆరకుండానే గింజలు బస్తాల్లోకి ఎక్కేవి. వారం తిరక్కుండానే ముక్కవాసన. తినడానికి పనికొచ్చే పిండి కావాలన్నప్పుడు ఆడవాళ్లను వరుసగా కూర్చోబెట్టి గింజలు ఏరించేవాళ్లం. ముడుచుకున్నవి, నల్లబడ్డవి, పొట్టు కింద పచ్చటి మచ్చ ఉన్నవి వేళ్లతో పక్కకు నెట్టేవారు. ఆ వేళ్ల చలవతోనే మా సరుకు పరీక్షలో నెగ్గేది.

యంత్రాలూ, పద్ధతులూ మన దగ్గర ఎప్పుడో సిద్ధమయ్యాయి. లేనిదల్లా ఆ ఏరుడు కూలి గిట్టే ధర. కొనేవాళ్లు చెక్కకు దాణా రేటే కట్టారు. ఆ రేటుకు కాయలు ఆరబెట్టే ఓపిక రైతుకూ లేకపోయింది, ఏరించే ఓపిక మిల్లుకూ లేకపోయింది.