కుడుము చేతికిస్తే పండగే మరి!

కుడుము చేతికిస్తే పండగన్నాడట వెనకటికొకడు. ఎదుటివాడి ఆశపోతుతనాన్ని ఎత్తిపొడవాలంటే చాలు, మనకి ఈ సామెత నాలిక చివర సిద్ధంగా ఉంటుంది. పాపం, ఆ మనిషి తరఫున మాట్లాడినవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. ఇవాళ ఆ వకాల్తా నేను పుచ్చుకుంటున్నాను. సాక్ష్యానికి హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఊళ్ళను పిలుస్తున్నాను. ఆ సీమలో పుట్టినవాడే అయితే అతను ఆశపోతూ కాదు, వెర్రివాడూ కాదు. ఉన్నమాట అన్నాడు, అంతే!

ఈ మూడు ఊళ్ళూ 2022 దాకా అనంతపురం జిల్లాలోవి. ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి. జిల్లా మారింది గాని వాన మారలేదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు కురిస్తే గొప్ప. వరికేమో మడిలో నీళ్ళు నిలవాలి. అందుకని వరి అంటే చెరువు కింద మడే. క్రియాశక్తి ఒడయరు అనే ఆయన చెరువు కట్టించి, తల్లి ధర్మాంబ పేరిట ధర్మవరాన్ని వెలయించాడని చెప్పుకుంటారు. చెరువు ఉంటేనే ఊరు మరి!

చెరువుకి దూరమైనవాళ్ళ సంగతేమిటి? కొర్రలు, జొన్నలు, సజ్జలు, రాగులు. పొద్దున సంగటి, రాత్రికీ సంగటే. వరన్నం పండక్కీ, పెళ్ళికీ, చుట్టం వస్తేనూ. ఇక కరువొస్తే ఆ సంగటికీ దిక్కు లేదు. జనం ధాత కరువని పిలుచుకున్న 1876–78 నాటి కరువు ఈ సీమని ఊడ్చేసింది.

రాజులకేం, వాళ్ళ వంటలు గ్రంథాలకెక్కాయి. పన్నెండో శతాబ్దంలో కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు ‘మానసోల్లాసం’లో బియ్యప్పిండి మోదకాల గురించి చెప్పాడు. లోపల తీపి, అందులో యాలకులు, పచ్చకర్పూరం. చూడ్డానికి వడగళ్ళలా ఉంటాయని వాటికి ‘వర్షోపలగోళకాలు’ అని పేరు. ఆ పేరు పలికేలోగా ఎదుటివాడు రెండు మింగేస్తాడు! 1565లో రాక్షసి-తంగడి యుద్ధంలో ఓడి, విజయనగరం వదిలిన తిరుమలరాయలు వచ్చి కూర్చున్నది పెనుకొండలోనే. ఆ శతాబ్దం ముగిసేలోగా గద్దె చంద్రగిరికి తరలిపోయింది. కోట గోడలు మిగిలాయి. కోట కింద ఇళ్ళలో భాద్రపద చవితినాడు కుడుము మాత్రం ఉడుకుతూనే ఉంది. ఏ శాసనమూ చెక్కించుకోని ఆడవాళ్ళు దాన్ని నిలబెట్టుకుంటూ వచ్చారు.

ఏడో శతాబ్దంలో మన దేశానికొచ్చిన హ్యూయన్‌త్సాంగ్, ఇక్కడివాళ్ళకి ఆవిరిమీద వండే పాత్రలు లేవన్నాడట. ఆయన మాట కాదనడానికి నేనెవర్ని? అయితే పాత్ర లేకపోతే ఆవిరి ఊరుకుంటుందా? కుండలో నీళ్ళు పోసి, మూతికి గుడ్డ బిగించి, దానిమీద పిండి పెట్టి ఉడికించడం మన ఇళ్ళలో ఉన్నదే. ఆ గుడ్డకి తెలుగులో ‘వాసెన’ అని పేరు కూడా ఉంది.

ఇక వంట. బియ్యం నానేసి, నీడన ఆరబెట్టి, దంచి జల్లించాలి. బియ్యప్పిండికి గోధుమపిండిలా సాగే గుణం లేదు. అందుకే నీళ్ళు తెర్లేటప్పుడు, చిటికెడు ఉప్పూ చెంచాడు నూనే వేసి, పిండి పోసి మూతపెడతాం. ఆ వేడికి పిండి ఉబ్బి జిగురెక్కుతుంది. గోరువెచ్చగా ఉన్నప్పుడే మర్దించాలి. చల్లారిందో, పగుళ్ళే! చేతికి నూనె రాసుకుని, చిన్న గిన్నెలా వత్తి, పూర్ణం పెట్టి మూసెయ్యాలి. పూర్ణం శనగబేడలూ బెల్లమూ కావచ్చు, టెంకాయ తురుమూ బెల్లమూ కావచ్చు.

పైపొర పల్చగా రావాలని పెద్దవాళ్ళు ప్రాణం తీస్తారు. కోడలి పనితనానికి అదే పరీక్ష. నాకేమనిపిస్తుందంటే, ఆ పల్చదనంలో నేర్పుతోపాటు పొదుపు కూడా ఉంది. చవితి వచ్చేది భాద్రపదంలో. ఖరీఫ్ పైరు ఇంకా చేలోనే ఉంటుంది. ఇంట్లో ఉన్నది పాత బియ్యం, అదీ గాదె అడుగున. అందులోంచి తీసిన గుప్పెళ్ళతోనే దేవుడికి ఇరవై ఒకటీ లెక్క తేలాలి, పిల్లలకీ మిగలాలి. అదే పూర్ణాన్ని కజ్జికాయల్లో పెడితే బాణలి నిండా నూనె కావాలి. కుడుముకి నీళ్ళూ, నాలుగు కట్టెలూ చాలు. పూర్ణానికీ జరగని ఇంట్లో బియ్యపురవ్వలో శనగబేడలు వేసి ఉండ్రాళ్ళు చేస్తారు. వినాయకుడు ఎప్పుడైనా పేచీ పెట్టాడా?

బెల్లానికి హిందూపురం పేరుమోసిన బజారు. గుత్తి ఏలిన మరాఠా నాయకుడు మురారిరావు, తండ్రి హిందోజీ పేరిట ఆ ఊరు కట్టించాడంటారు. మరాఠా వాళ్ళకిది మోదకం, పక్కనే ఉన్న కన్నడం వాళ్ళకి కడుబు, మనకి కుడుము. కన్నడం మాట్లాడే ఇళ్ళలో చవితి ముందురోజే గౌరీ పండగ కూడా చేసుకుంటారు.

ఇంతకీ ఆ సామెత మనిషి ఎప్పుడు ఓడిపోయాడంటారా? 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం పెట్టినప్పుడు. ఆయనే తర్వాత 1985, 1989, 1994 ఎన్నికల్లో హిందూపురం నుంచి శాసనసభకి గెలిచారు. రేషన్ సంచీతో బియ్యం ఇంటికి నడిచొచ్చాయి. వరన్నం రోజువారీ తిండి అయింది. పండక్కి తప్ప కంటపడని బియ్యం రోజూ కంచంలో ఉంటే, కుడుము చూడగానే పండగని కేకెయ్యాల్సిన అవసరం ఎవరికుంది? మంచిదే. ఆకలి తీరడం కన్నా కావలసిందేముంది?

తమాషా ఏమిటంటే, 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరమంది. ఇప్పుడు ‘అన్నం తగ్గించి కొర్రలు తినండి’ అని డాక్టర్లు చెప్తున్నారు. పేదల కొర్రలు బియ్యంకన్నా ప్రియమైపోయాయి. కొర్రపిండితో కుడుములు చేసుకునే ఇళ్ళూ ఉన్నాయి. చేసుకోండి, బాగానే ఉంటాయి. కాని ఆ సామెత అనబోయే ముందు ఒక్క క్షణం ఆగండి. ఏడాదంతా సంగటి తిని, చవితినాడు వేడివేడి తెల్లని కుడుము చేతిలో పడ్డ మనిషి ‘పండగ’ అనక ఇంకేమంటాడు చెప్పండి!