రక్తపు కాన్సరుకు సుబ్బారావు గారి మందు

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాల నర్సింగు విద్యార్థులకు కాన్సరు పాఠమున ఎదురగు మందులలో మెథోట్రెక్సేటు ఒకటి. దాని చరిత్రలో ఒక తెలుగువాని కృషి కలదు.

1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధనలకు అధిపతి అయిరి. కణము రెండుగా చీలవలెనన్న కొత్త డి.ఎన్.ఎ. కావలెను; దాని తయారీకి ఫోలిక్ ఆమ్లము అవసరము. వీరి బృందము మొదట ఆ ఆమ్లమును, పిమ్మట దానినే పోలిన అమినోప్టెరిన్‌ను తయారుచేసెను. తాళములో మారుచెవి ఇరుకుకొన్నచో అసలు చెవి దూరదు గదా! ఈ మందు చేయు పనియు అదియే.

బోస్టను వైద్యుడు సిడ్నీ ఫార్బరు దీనిని రక్తపు కాన్సరు సోకిన బిడ్డలకిచ్చి, 1948లో ఫలితములు ప్రకటించెను. 16 మందిలో 10 మందికి గుణము కనిపించెను. కాని అది తాత్కాలికమే. ఆ యేడే సుబ్బారావు గారు కన్నుమూసిరి. అమినోప్టెరిన్‌కు తోబుట్టువు వంటిదే మెథోట్రెక్సేటు. మాయకు సంబంధించిన ఒక కాన్సరు దీనితో లొంగినట్లు 1956లో వెల్లడియైనది.

అయితే మారుచెవికి తన, పర భేదము లేదు. త్వరత్వరగా చీలు ఆరోగ్యకణములును దెబ్బతినును. నోట పుండ్లు లేచును. తెల్లకణములు తగ్గి, స్వల్పజ్వరమైనను ప్రమాదము కావచ్చును. కనుక ప్రతిదినము రోగి నోరు పరీక్షించుట, జ్వరమును వెంటనే డాక్టరుకు తెలుపుట చిల్లర పనులు కావు. ఆ మందుతోపాటు సాగవలసిన చికిత్సయే.