సాక్షి లేడు, కాగితం ఉంది

సర్వర్ డౌన్ అయితే సేవ్ చేసుకున్న పాత కాపీ చూపిస్తాం. 1872 ఎవిడెన్స్ చట్టంలోని 33వ సెక్షన్ అలాంటిదే. సాక్షి చనిపోయినా, దొరక్కపోయినా, మునుపు కోర్టులో చెప్పిన సాక్ష్యం చెల్లుతుంది. ఒక షరతు: ఎదుటి పక్షానికి అప్పుడు క్రాస్ ఎగ్జామిన్ చేసే హక్కు, అవకాశం రెండూ ఉండాలి.

ఆ 'అవకాశం' అన్న మాట దగ్గరే నాకు నల్లగొండ గుర్తొస్తుంది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ అప్పుడు ఆ జిల్లాలోవే. సాయుధ పోరాటం కేసుల్లో స్పెషల్ ట్రిబ్యునల్ 1949లో మరణశిక్షలు వేసింది. లాయర్‌ని పెట్టుకునే అవకాశమే ఇవ్వలేదన్నది సుప్రీంకోర్టులో ఖైదీల ఫిర్యాదుల్లో ఒకటి. బ్రిటిష్ లాయర్ డి.ఎన్. ప్రిట్ వచ్చి వాదించాడు. 1951లో పిటిషన్లు కొట్టేశారు. ఆ తర్వాతే శిక్షలు యావజ్జీవంగా మారాయి.

అక్కడ 33వ సెక్షన్ వాడారని కాదు. లాయరే లేనివాడికి క్రాస్ అవకాశం ఉన్నట్టా? 2024 జులై 1 నుంచి కొత్త చట్టంలో అది 27వ సెక్షన్. నంబరు మారింది, ప్రశ్న మారలేదు.